జర్మనీలో మన లైసెన్స్‌కి ఆరు నెలల గడువు అయిపోతోంది, ఏం చేయాలి?

తెనాలి_అమ్మాయి · మార్చి 4

అందరికీ నమస్కారం. గత అక్టోబర్ 10న జర్మనీ వచ్చాను. బోబ్లింగన్ దగ్గర చిన్న ఊళ్లో ఉంటున్నాం. మావారు ఇక్కడ రెండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నారు, ఆయనకి డ్రైవింగ్ రాదు. నేను తెనాలిలో తొమ్మిదేళ్లు కారు నడిపాను, గుంటూరు, విజయవాడ రోజూ తిరిగిన దాన్ని. ఇక్కడ ఒక ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. షిఫ్ట్ తెల్లవారుజామున 5:30కి మొదలవుతుంది, మా ఊరి నుంచి మొదటి బస్సే 5:50కి. అందుకని పాత కారు ఒకటి కొనుక్కుని, మన లైసెన్స్, ఇంటర్నేషనల్ పర్మిట్ దగ్గర పెట్టుకుని నడుపుతున్నాను.

నిన్న కొలీగ్ ఒకావిడ "నీకు ఆరు నెలల వరకే కదా అనుమతి" అంది. పర్మిట్ మీదేమో ఏడాది అని స్పష్టంగా రాసి ఉంది. ఏది నిజం? ఆరు నెలలే అయితే నాకు మిగిలింది ఐదు వారాలు. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

నెల్లూరు_బాబాయ్ · మార్చి 4

మీ కొలీగ్ చెప్పిందే నిజం అమ్మా. పర్మిట్ మీద ఉన్న ఏడాది వేరు, జర్మనీ ఇచ్చే గడువు వేరు. ఆ పర్మిట్ విడిగా ఒక లైసెన్స్ కాదు, మన కార్డుకి తోడుగా చూపించే అనువాదం లాంటిది. ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి ఆరు నెలల వరకే మన లైసెన్స్ చెల్లుతుంది. కొత్త పర్మిట్ తెప్పించుకున్నా, సెలవులకి ఇండియా వెళ్లి వచ్చినా లెక్క మళ్లీ మొదటికి రాదు. ఇంకో ఆరు నెలలు పొడిగించే వీలు ఉంది కానీ, అది ఏడాదికి మించి ఇక్కడ ఉండబోమని చూపించగలిగిన వాళ్లకే. మీలా ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లకి ఇవ్వరు.

ఒక విషయంలో మాత్రం ధైర్యంగా ఉండండి. గడువు దాటితే పోయేది నడిపే హక్కు ఒక్కటే, మార్చుకునే హక్కు ఎక్కడికీ పోదు. ఇది తెలియక "ఇక మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే" అనుకుని మూడు వేల యూరోలు, అంతకంటే ఎక్కువ కూడా పోసినవాళ్లని నేను చూశాను. జపాన్, దక్షిణ కొరియా లాంటి కొన్ని దేశాల వాళ్లకి పరీక్ష లేకుండానే మార్చి ఇస్తారు. ఆ జాబితాలో ఇండియా లేదు కాబట్టి మనం థియరీ, ప్రాక్టికల్ రెండూ పాస్ కావాలి. అయితే కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఉండే 14 థియరీ క్లాసులు, హైవే, ఊరి బయట, రాత్రి కలిపి 12 ప్రత్యేక క్లాసులు మనకి తప్పనిసరి కాదు. చట్టంలోనే ఆ మినహాయింపు ఉంది. డ్రైవింగ్ స్కూల్ గడప తొక్కే ముందు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి.

పాలమూరు_పోరడు · మార్చి 4

అక్కా, అంత భయపడకు. నా రూమ్మేట్ ఏడాదిన్నర నుంచి మన లైసెన్స్ మీదే నడుపుతున్నాడు. ఒక్కసారి కూడా ఎవరూ ఆపలేదు. నేను కూడా ఎనిమిది నెలలుగా అప్పుడప్పుడు వాడి కారు తీస్తున్నా. జాగ్రత్తగా నడిపితే ఏం కాదు.

నెల్లూరు_బాబాయ్ · మార్చి 4

తమ్ముడూ, నిన్ను తిట్టాలని కాదు, నీ మేలు కోరి చెబుతున్నాను. ఆరు నెలలు దాటాక నడపడం ఇక్కడ ఏదో చిన్న చలానాతో పోయే తప్పు కాదు. లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క, క్రిమినల్ కేసు అవుతుంది. జరిమానా గానీ, ఏడాది వరకు జైలు గానీ వేయొచ్చు. కారు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి తెలిసి ఇచ్చాడంటే అతని మీద కూడా కేసు పెడతారు. అంటే నీ రూమ్మేట్ తన కారు నీకు ఇచ్చి తను కూడా ఇరుక్కుంటున్నాడు. రేపు పౌరసత్వానికి దరఖాస్తు చేసే రోజు వస్తే మీ మీద ఏ శిక్షలున్నాయో చూస్తారు. ఇన్నేళ్ల చదువు, ఉద్యోగం ఒక కారు తాళం కోసం పణం పెట్టకు.

కృష్ణాతీరం · మార్చి 5

బాబాయ్ గారి మాటకి ఇంకొకటి చేరుస్తాను. నేను ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే పనిలో ఉన్నాను. లైసెన్స్ లేని మనిషి యాక్సిడెంట్ చేస్తే ఎదుటివాళ్ల నష్టం ముందు ఇన్సూరెన్స్ వాళ్లు కడతారు. తర్వాత 5,000 యూరోల వరకు ఆ డ్రైవర్ దగ్గర వసూలు చేస్తారు. మన సొంత కారుకి జరిగిన నష్టమైతే అసలు ఇవ్వకపోవచ్చు కూడా. డబ్బు సంగతి అలా ఉంచండి. తగిలింది సైకిల్ మీద స్కూలుకి వెళ్లే పిల్లకైతే? "ఇప్పటివరకు ఎవరూ ఆపలేదు" అనే మాట ఆ తల్లిదండ్రులకి చెప్పగలమా?

పాలమూరు_పోరడు · మార్చి 5

నిజంగా ఇంత ఉందని తెలియదు. మా సర్కిల్‌లో అందరూ పర్మిట్ ఏడాది అనే అనుకుంటున్నారు. రూమ్మేట్‌కి ఈ చర్చ పంపించాను. ఇవాళ్టి నుంచి కారు ముట్టుకోను.

ఓరుగల్లు_పిల్ల · మార్చి 5

తెనాలి అక్కా, నేను పోయిన ఏడాది ఇదంతా దాటి వచ్చాను. మీరు ఈ వారమే మొదలుపెట్టండి. ఎందుకంటే ఎక్కువ టైమ్ పట్టేది పరీక్షలకి కాదు, దరఖాస్తు ఆమోదానికి. మా ఊళ్లో ఏడు వారాలు పట్టింది.

ముందు కళ్ల పరీక్ష. ఏ కళ్లజోళ్ల షాపులో అయినా చేస్తారు, ఫీజు 6 యూరోల 43 సెంట్లు. తర్వాత ఫస్ట్ ఎయిడ్ కోర్సు. రెడ్ క్రాస్, యోహనిటర్, మాల్టేజర్ లాంటి సేవా సంస్థలు శనివారాల్లో పెడతాయి. 45 నిమిషాల చొప్పున తొమ్మిది పీరియడ్లు, ఒక్క రోజులో అయిపోతుంది. పెద్ద ఊళ్లలో ఇంగ్లిష్‌లో కూడా దొరుకుతుంది. నేను స్టుట్‌గార్ట్‌లో చేశాను. స్పృహ లేని మనిషిని పక్కకి తిప్పి ఎలా పడుకోబెట్టాలి, గుండె ఆగితే 30 నొక్కులు, రెండు శ్వాసలు ఎలా ఇవ్వాలి అన్నీ బొమ్మ మీద చేయించారు. మొక్కుబడిగా వెళ్లాను కానీ, ఇది మా అమ్మానాన్నలకి కూడా నేర్పాలి అనుకుంటూ తిరిగొచ్చాను.

ఇక కాగితాలు. పాస్‌పోర్టు, ఇక్కడ ఉంటున్న చిరునామా నమోదు చేయించుకున్న కాగితం, బయోమెట్రిక్ ఫోటో, మన లైసెన్స్ అసలు కార్డు, దానికి జర్మన్ అనువాదం. అనువాదం ఏడీఏసీ (ADAC) అనే జర్మన్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్లు చేస్తారు, లేదా ప్రమాణం చేసిన అనువాదకుల దగ్గర చేయించుకోవచ్చు. నా దగ్గర ఫోన్‌లో డిజిటల్ కాపీ ఒక్కటే ఉండేది. అది చూపిస్తే మా ఊరి లైసెన్స్ ఆఫీసులో ఒప్పుకోలేదు. అన్నయ్య హనుమకొండ ఇంట్లో బీరువా అంతా వెతికి కార్డు కొరియర్ చేశాడు, మూడు వారాలు పోయాయి. కొత్తగా బయల్దేరేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే అసలు కార్డు సూట్‌కేసులో కాదు, పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోండి.

ఇంకొక మాట. దరఖాస్తులోనే ఏ డ్రైవింగ్ స్కూల్ అన్నది రాయాలి. ప్రాక్టికల్ పరీక్ష వాళ్ల కారులోనే, వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుంటేనే జరుగుతుంది. కాబట్టి స్కూల్ లేకుండా కుదరదు.

తెనాలి_అమ్మాయి · మార్చి 9

మీ అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. కళ్ల పరీక్ష అయింది, ఫస్ట్ ఎయిడ్ ఈ శనివారానికి దొరికింది. కానీ స్కూల్ దగ్గర చిక్కు వచ్చింది. ఇక్కడ ఒక స్కూల్‌లో అడిగితే, "ఇండియా లైసెన్స్ అయినా అన్ని థియరీ క్లాసులు, 25 ప్రాక్టికల్ క్లాసులు తప్పనిసరి" అన్నారు. ఒక్కో క్లాసు 68 యూరోలు. నేను మినహాయింపు గురించి అడిగితే "మా రూల్ ఇది" అన్నారు. ఇప్పుడేం చేయను?

నెల్లూరు_బాబాయ్ · మార్చి 9

ఇంకో స్కూల్‌కి వెళ్లండి. వాళ్లతో వాదన పెట్టుకోవద్దు, టైమ్ వృథా. వెళ్లగానే "లైసెన్స్ మార్చుకోవడం" అని అర్థం వచ్చే "ఉమ్‌ష్రైబుంగ్" అన్న మాట వాడండి. అప్పుడే మీరు కొత్త స్టూడెంట్ కాదని వాళ్లకి తెలుస్తుంది. ముందు ఒకటి రెండు క్లాసులు తీసుకుంటాను, చూసి ఎన్ని కావాలో చెప్పండి అని అడగండి. నిజాయతీగా ఉన్న ఇన్‌స్ట్రక్టర్ అయితే కచ్చితంగా చెబుతారు.

అలాగని సున్నా క్లాసులతో పరీక్షకి వెళ్లకండి. చట్టం అడగకపోయినా రోడ్డు అడుగుతుంది. తొమ్మిదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి ఎనిమిది నుంచి పన్నెండు క్లాసులు అవసరం పడటం నేను ఎక్కువగా చూశాను.

చెమ్నిట్జ్_స్టూడెంట్ · మార్చి 10

థియరీ గురించి నేను చెబుతాను అక్కా. జర్మన్ కాకుండా ఇంకో 12 భాషల్లో రాయొచ్చు, అందులో ఇంగ్లిష్ ఉంది. తెలుగు, హిందీ లేవు. టాబ్లెట్ మీద 30 ప్రశ్నలు. ప్రతి తప్పుకి రెండు నుంచి ఐదు పాయింట్లు పోతాయి. మొత్తం పది పాయింట్ల వరకు పోయినా పాస్. కానీ ఐదు పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పితే, సరిగ్గా పది అయినా ఫెయిలే. నేను మొదటిసారి అలాగే పోయాను. మళ్లీ రాయాలంటే రెండు వారాలు ఆగాలి.

"ఇన్నేళ్లు నడిపాను కదా" అని చదవకుండా వెళ్లకండి. మొత్తం ప్రశ్నలు వెయ్యికి పైనే ఉంటాయి, యాప్‌లో అన్నీ కనీసం రెండుసార్లు చేయాలి. ఒక్కో ప్రశ్నకి రెండు మూడు జవాబులు కూడా సరైనవి కావచ్చు, అన్నీ గుర్తించాలి. వీడియో ప్రశ్నలు ఐదుసార్ల వరకు చూడొచ్చు. కానీ ఒకసారి ప్రశ్నలోకి వెళితే మళ్లీ వీడియోకి రాలేరు. అందుకే వీడియోలో సైకిల్ ఎటు నుంచి వచ్చింది, అద్దంలో ఏం కనిపించింది అన్నది ముందే చూసుకోండి.

గోదారి_గట్టు · మార్చి 12

ప్రాక్టికల్‌లో రెండుసార్లు ఫెయిలయి మూడోసారి పాసయ్యాను. రాజమండ్రిలో పన్నెండేళ్లు నడిపిన చేయి నాది. ఎక్కడ తప్పానో వివరంగా చెబుతాను, ఇంకొకరికి ఆ బాధ రాకూడదు.

మొదటిసారి, ఇళ్ల మధ్య 30 జోన్, అంటే గంటకి 30 కిలోమీటర్లు దాటకూడని చోటు. నేను వెళుతున్న రోడ్డు వెడల్పుగా, సాఫీగా ఉంది. కుడివైపు నుంచి సన్నటి సందు లాంటి రోడ్డు వచ్చి కలుస్తోంది. ఏ బోర్డూ లేదు. మన అలవాటు ప్రకారం పెద్ద రోడ్డు మీద ఉన్నది నేను కదా, సందులోంచి వచ్చేవాడే ఆగాలి. నేరుగా పోనిచ్చాను. ఇన్‌స్ట్రక్టర్ బ్రేక్ తొక్కారు. ఆయన పెడల్ తొక్కారంటే పరీక్ష అక్కడితో అయిపోయినట్టే. ఇక్కడ బోర్డు, సిగ్నల్ ఏదీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే ముందు హక్కు. రోడ్డు ఎంత సన్నగా ఉన్నా అంతే. "రెష్ట్స్ ఫోర్ లింక్స్" అంటారు. ప్రతి సందు దగ్గరా వేగం తగ్గించి, కుడివైపు తల తిప్పి చూశానని వెనక సీట్లో ఉన్న ఎగ్జామినర్‌కి తెలియాలి. పసుపు రంగు డైమండ్ బోర్డు ఉన్న రోడ్డు మీదైతే మనది ముందు హక్కు.

రెండోసారి స్టాప్ బోర్డు. ఎవరూ లేరు కదా అని బాగా స్లో చేసి, చూసి, కదిలిపోయాను. చక్రం పూర్తిగా ఆగలేదు. ఫెయిల్. అప్పటి నుంచి ఆగి, మనసులో మూడు లెక్కపెట్టి కదులుతాను.

ఇవి కాక భుజం మీదుగా చూడటం. లేన్ మారినా, కుడివైపు తిరిగినా, పార్కింగ్‌లోంచి బయటికి తీసినా, అద్దం చూస్తే సరిపోదు. తల తిప్పి వెనక్కి చూడాలి. సైకిల్ వాళ్లు ఆ అద్దానికి కనిపించని చోటే ఉంటారు. ఊళ్లో సైకిల్‌ని దాటేటప్పుడు మీటరున్నర దూరం, ఊరి బయట రెండు మీటర్లు వదలాలి. మన దగ్గర ఇరుకులో చాకచక్యంగా దూరిపోవడం మంచి డ్రైవర్ లక్షణం. ఇక్కడ ఆగిపోవడం మంచి డ్రైవర్ లక్షణం. నాకు అది చేతికి ఎక్కడానికి ఏడాది పట్టింది.

ఓరుగల్లు_పిల్ల · మార్చి 12

గోదారి అన్న ఎంత బాగా చెప్పారో. నాకు ఇంకో ఇబ్బంది కూడా ఎదురైంది. మన కార్లలో ఇండికేటర్ కుడి చేతి వైపు ఉంటుంది, ఇక్కడ ఎడమ వైపు. మొదటి నాలుగు క్లాసుల్లో తిరగాల్సిన ప్రతిచోటా వైపర్లు వేశాను. ఇంట్లో కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో ఇండికేటర్, కుడి చేత్తో గేరు అని ప్రాక్టీస్ చేశాను. వింతగా అనిపిస్తుంది కానీ పనిచేసింది.

తెనాలి_అమ్మాయి · మార్చి 13

ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంకో స్కూల్ దొరికింది. ఆవిడ రెండు క్లాసులు చూసి "పది చాలు" అన్నారు. మరి ఆటోమేటిక్ మీద పరీక్ష ఇవ్వొచ్చా? నాది మాన్యువల్ కారే కానీ, క్లచ్ గురించి ఆలోచించకపోతే రోడ్డు మీద ధ్యాస పెట్టొచ్చు అనిపిస్తోంది.

నెల్లూరు_బాబాయ్ · మార్చి 13

ఇవ్వొచ్చు. కానీ ఊరికే ఆటోమేటిక్ మీద ఇస్తే ఆటోమేటిక్‌కే అనుమతి అని కార్డు మీద కోడ్ వేస్తారు. 2021 నుంచి ఇంకో దారి ఉంది. స్కూల్‌లో మాన్యువల్ మీద పది క్లాసులు చేసి, అక్కడే చిన్న టెస్ట్ పాసైతే, పరీక్ష ఆటోమేటిక్ మీద ఇచ్చినా రెండూ నడపొచ్చు. మీకు క్లచ్ అలవాటే కాబట్టి మాన్యువల్ మీదే ఇవ్వండి, ఖర్చు తగ్గుతుంది.

కడప_కోడలు · మార్చి 15

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా మామగారు మేలో మూడు నెలలకి వస్తున్నారు. ఆయన ఇక్కడ కారు నడపొచ్చా?

నెల్లూరు_బాబాయ్ · మార్చి 15

చూసిపోవడానికి వచ్చేవాళ్లు నడపొచ్చమ్మా. చెల్లుబాటులో ఉన్న లైసెన్స్, దానితో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకోవాలి. పర్మిట్ ఆర్టీఓ ఆఫీసులో వెయ్యి రూపాయల ఫీజుతో ఇస్తారు, బయల్దేరే ముందే తీసుకోమనండి. మీ కారు ఇన్సూరెన్స్‌లో ఆయన పేరు చేర్చడం మర్చిపోవద్దు. కుడివైపు ట్రాఫిక్ కొత్త కాబట్టి మొదట ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద మీరు పక్కన కూర్చుని నడిపించండి.

బర్మింగ్‌హామ్_బావ · మార్చి 16

మా బ్రిటన్‌లో గడువు 12 నెలలు. కానీ ఇక్కడ కూడా ఇండియా లైసెన్స్ నేరుగా మార్చి ఇవ్వరు, ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్లకి ఇచ్చే లైసెన్స్) తీసుకుని రెండు పరీక్షలూ పాస్ కావాల్సిందే. చాలామంది పదకొండో నెల వరకు కూర్చుని, అప్పుడు టెస్ట్ డేట్లు దొరక్క అవస్థ పడతారు. ఏ దేశమైనా వచ్చిన మొదటి నెలలోనే ఈ పని పట్టాలెక్కించడం మంచిది.

తెనాలి_అమ్మాయి · ఏప్రిల్ 10

నిన్న రాత్రి కారు తాళాలు మావారికి ఇచ్చేశాను. దరఖాస్తు ఇంకా ఆమోదం కాలేదు. ఇవాళ పొద్దున 4:40కి సైకిల్ మీద బయల్దేరాను, ఏడు కిలోమీటర్లు. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. కళ్లలో నీళ్లు వచ్చింది చలికా, బాధకా తెలియలేదు. ఇంటి ముందు కారు ఉంది, నడపడం వచ్చు, అయినా తీయకూడదు. నా పరిస్థితి విని ల్యాబ్‌లో ఒక టర్కిష్ ఆవిడ రేపటి నుంచి తన కారులో ఎక్కించుకుంటానంది. పెట్రోల్ డబ్బులు ఇస్తానంటే "వారానికోసారి మీ ఇంటి కూర పెట్టు" అంది. ఇవాళే గోంగూర పప్పు చేస్తున్నాను.

కృష్ణాతీరం · ఏప్రిల్ 10

మీరు చేసింది చాలా కష్టమైన పని, సరైన పని కూడా. ఈ కొద్ది నెలలు ఓపిక పట్టండి.

తెనాలి_అమ్మాయి · జూన్ 18

ఏప్రిల్ చివర ఆమోదం వచ్చింది. మేలో థియరీ ఒకేసారికి పాసయ్యాను, మూడు పాయింట్లు మాత్రమే పోయాయి. నిన్న ప్రాక్టికల్ ఫెయిల్. మొత్తం 55 నిమిషాలు. మొదట్లో లైట్లు, టైర్ల గురించి అడిగారు, చెప్పాను. రివర్స్ పార్కింగ్, హైవే, అన్నీ బాగానే వెళ్లాయి. చివర్లో కుడివైపు తిరిగే చోట సిగ్నల్ ఎర్రగా ఉంది, పక్కన ఆకుపచ్చ బాణం బోర్డు ఉంది. తిరగొచ్చు కదా అని నేరుగా తిరిగేశాను. అది లైటు కాదు, రేకు బోర్డు. ముందు పూర్తిగా ఆగి, చూసి, అప్పుడు తిరగాలి. పుస్తకంలో చదివిందే, ఆ క్షణంలో గుర్తు రాలేదు. పరీక్ష ఫీజు, స్కూల్ ఫీజు మళ్లీ కట్టాలి. చాలా దిగులుగా ఉంది.

గోదారి_గట్టు · జూన్ 18

చెల్లెమ్మా, ఒక్క తప్పు తప్ప మిగతా అంతా సరిగ్గా నడిపావని దాని అర్థం. రెండు వారాల తర్వాతి డేట్ ఇవాళే అడుగు, ఆలస్యం చేస్తే చేయి మళ్లీ పాత అలవాటుకి పోతుంది. పరీక్షకి ముందు రోజు అదే కూడలికి నడిచి వెళ్లి పది నిమిషాలు నిలబడి చూడు. నేను మూడోసారి అలాగే చేశాను.

తెనాలి_అమ్మాయి · జూలై 9

పాస్! గోదారి అన్నయ్యా, మీరు చెప్పినట్టే ఆ కూడలి దగ్గర నిలబడి చూశాను. నిన్న అక్కడికే తీసుకెళ్లారు. ఆగాను, మూడు లెక్కపెట్టాను, భుజం మీదుగా చూశాను, తిరిగాను. చివర్లో ఎగ్జామినర్ జర్మన్‌లో ఏదో అంటే అర్థం కాలేదు, ఇన్‌స్ట్రక్టర్ గారు చేయి పట్టుకుని ఊపితే తెలిసింది.

కార్డు ఇచ్చేటప్పుడు మన లైసెన్స్ తీసేసుకున్నారు. అది నాన్న నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్లి చేయించిన కార్డు. రెండు వైపులా ఫోటో తీసుకుని ఇచ్చాను. నాన్నకి ఫోన్ చేస్తే "కార్డు పోతే పోయింది, చేయి నీదే కదమ్మా" అన్నారు.

ఇంకో సంగతి. నా పాత కార్డు మీద బైక్ కూడా ఉంది, కానీ ఇప్పుడు కారుకి మాత్రమే ఇచ్చారు. బైక్ కావాలంటే దానికి విడిగా పరీక్షలు రాయాలట. స్కూటీ అలవాటున్నవాళ్లు దరఖాస్తులోనే అడిగి తెలుసుకోండి.

సోమవారం 5:05కి నేనే కారు తీస్తాను. టర్కిష్ ఆవిడ కారు రిపేర్‌లో ఉంది, ఈసారి నేను ఎక్కించుకుంటున్నాను.

పాలమూరు_పోరడు · జూలై 9

అక్కా, చాలా సంతోషం! మీ పోస్టులన్నీ చదువుతూనే ఉన్నా. మార్చి నుంచి నేను కారు ముట్టలేదు. నాన్న అసలు కార్డు పంపించాడు, నిన్ననే చేతికి వచ్చింది. కళ్ల పరీక్షకి అపాయింట్‌మెంట్ కావాలా?

తెనాలి_అమ్మాయి · జూలై 9

నాకు అడగలేదు తమ్ముడూ. పాస్‌పోర్టు తీసుకుని షాపుకి వెళ్లాను, పది నిమిషాల్లో కాగితం చేతికిచ్చారు. కళ్లజోడు ఉంటే పెట్టుకుని వెళ్లు. ఫస్ట్ ఎయిడ్ కూడా ఇవాళే బుక్ చెయ్, శనివారాలు త్వరగా నిండిపోతాయి.